వదులు

రేణిగుంటలో ఆఖరి విమానం దిగింది.
జుట్టుతో దిగినవాళ్ళంతా కొండకి పోయినారు,
ఎల్లుండి గుండ్లతో, చందనం వాసనతో వస్తారు.
నాకు మిగిలింది ఈ ఇంజన్, ఒక టార్చి,
ఒక నూనె డబ్బా.

ఏర్పేడు వైపు నుంచి గాలి.
ఆపేసిన ఫ్యాను దానంతటదే తిరుగుతోంది
టక టక టకమని,
పెళ్ళింట్లో కడిగిన గ్లాసులు బుట్టలో కదిలినట్టు.

ట్రాలీ తోలే చెంగల్రాయుడు దగ్గరికొచ్చాడు.
చేరి నాలుగు రోజులు.
"ఏందక్కా ఆ సద్దు? లూజయిపోయుండాదే!
పొద్దున్నే దీంట్లో మా మేనత్త ఎక్కతాది."

లూజే అబ్బయ్యా. వదులుగానే ఉండాల.
రెక్క మొదలుకీ గాడికీ మధ్య
ఇంత సందు వదిలి చేస్తారు.
పని మొదలయినాక
ఆ తిరుగుడే ఒక్కో రెక్కనీ బయటికి లాగి బిగిస్తుంది.

వాడు నమ్మలేదు.
నేనూ మొదట్లో నమ్మలేదు.

మా నాయన మునిరత్నం ఇక్కడి జంక్షన్లోనే
పొడుగు కర్ర సుత్తితో రైలు చక్రాలు కొట్టేవాడు.
ఖంగుమంటే పోనిచ్చేవాడు.
చక్రం గొంతు బొంగురుపోతే
పచ్చజెండా లేవనిచ్చేవాడు కాదు.
అన్నం ముందు కూర్చుని కూడా
కంచాన్ని గోటితో మీటి వినేవాడు,
అమ్మ తిట్టేది.
ముప్పై ఏళ్ళలో ఆయన ఆపిన పెట్టెలు పదకొండు.
ఆపకపోయుంటే ఏమయ్యేదో
ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

ఈ ఇంజన్ పుస్తకమూ అంతే.
ఇరవై రెండు వేల గంటలు,
గాల్లో ఒక్కసారీ ఆగలేదు.
ప్రతి గడిలో సరిగా ఉంది, సరిగా ఉంది.
ఇంత విసుగైన పుస్తకం ఇంకోటి చదవలేదు.
దీనిది పెద్ద వంశం.
వేలమంది అక్కచెల్లెళ్ళు
ఏ ఎడారి ఇసకలోనో, ఏ మంచు ఊళ్ళోనో
ఇదే విసుగు రాయించుకుంటున్నారు.

ఒక్కసారి మాత్రం, ఆషాఢంలో, గద్ద.
ఏడో రెక్క అంచు గిన్నెలా సొట్టపోయింది.
ఈకలు పట్టకారుతో తీసి కవర్లో వేశాను,
సొట్టని ఆకురాయితో అరగదీశాను.
కొలతలు ఒప్పుకున్నాయి.
నా వేలు మాత్రం ఇప్పటికీ అక్కడికొచ్చి ఆగుతుంది.

ఆ రెక్క మీదే చెయ్యి పెట్టి ఫ్యాను ఆపాను.
సద్దు ఆగింది.
చెంగల్రాయుడు ఊపిరి వదిలాడు.
"బాగయిపోయిందా అక్కా?"

ఏ మాన్యువల్లోనూ లేదు,
అయినా గోటితో ఒకసారి మీటి
చెవి ఒగ్గాను.
చెయ్యి తీశాను.

టక.
టక టక.

"ఏం వినపడింది?"

మీ అత్తని
కిటికీ సీటు అడగమను.