కోడ్ తొమ్మిది: ఇతరములు

తార్నాకలో నా గది ఖాళీ చెయ్యమని
రిజిస్ట్రారు ఆఫీసు నించి ఉత్తరం.
నెలాఖరు దాకా గడువు.
కిటికీ పక్క బీరువాలో పన్నెండొందల నలభై ప్రశ్నావళులు,
గుండుసూదులు తుప్పు పట్టి
పేజీ పేజీకీ ఒక గోధుమరంగు చుక్క.

పది కట్టలు పాత కాగితాలవాడికి తూకానికి వేశాను.
పదకొండోది విప్పకుండా ఉండాల్సింది.

ఎనభై ఏడు, మే నెల, జీడిమెట్ల.
చెప్పులు తారుకి అంటుకుంటున్నాయి.
చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు,
క్లిప్పు కింద నలభై ఆరు ప్రశ్నలు.
మందు సీసాలు కడిగే షెడ్డు ముందు ఈదమ్మ,
నారాయణఖేడ్ అవతల ఏదో తండా పక్క ఊరు.

"వృత్తి?"
"ఏది దొరికితే అది."
"అట్లా కాదు, పోయిన వారం ఏం చేశావో చెప్పు."
"రెండు దినాలు సీసాలు. ఒక దినం సెంట్రింగు.
ఒక దినం పెండ్లికాడ గిన్నెలు.
మూడు దినాలు అడ్డ మీద నిలవడుడు.
నిలవడుడు పని గాదా అమ్మా?
కాళ్లు గుంజుతయి గద."

నా జాబితాలో ఎనిమిది వృత్తులున్నాయి.
తొమ్మిది వేశాను.

థీసిస్ అయింది, ఉద్యోగమైంది,
నా గొంతులోకి మెల్లగా మైకు వచ్చి చేరింది.
తొంభైల్లో పెట్టుబడి విమానం దిగింది.
దాన్ని నేను జిల్లాలవారీగా, త్రైమాసికాలవారీగా కొలిచాను.
మాదాపూర్‌లో బండలు పేలే చప్పుడు
తార్నాక దాకా వినపడేది కాదు,
నా పట్టికల్లో మాత్రం స్పష్టంగా వినపడింది:
విదేశీ కంపెనీ దిగిన చోట కూలి పెరుగుతుంది.
పాయింట్ ఒకటి నాలుగు.
పక్కన మూడు నక్షత్రాలు,
నక్షత్రాల కింద, బ్రాకెట్లో, ప్రామాణిక దోషం.
మా శాస్త్రంలో దోషానికి శాంతి చేయించక్కర్లేదు,
చిన్నదైతే చాలు.

అబద్ధం రాయలేదు. అది చెప్పుకోవాలి.
లెక్క ఇప్పుడు వేసినా అంతే వస్తుంది.
కానీ కూలి అనే మాటకి మన భాషలో రెండర్థాలు.
నేను ఇంగ్లీషులో రాశాను కనక
నాకు ఒకటే దొరికింది.

ఆ పేపరు అచ్చయిన ఏడే
సనత్‌నగర్‌లో నాన్న ఇరవై ఆరేళ్లు తిప్పిన లేతు మిషను
ఇనుము ధరకి అమ్ముడుపోయింది.
స్వచ్ఛంద పదవీ విరమణ అన్నారు.
నాన్న కాగితం నా ముందు పెట్టి
"స్వచ్ఛందమంటే ఏంది బిడ్డా?" అన్నాడు.
అర్థశాస్త్రం కదా, అర్థం తెలుస్తుందని.
నేను సింగపూర్ సదస్సుకి స్లైడ్లు సర్దుకుంటున్నాను.
"తర్వాత చెప్తా నాన్నా" అన్నాను.

ఆయన నా నమూనాలోకి రాలేదు.
పని లేక, పని వెతక్క, ఇంట్లో ఉన్న మనిషిని
మేం శ్రామిక శక్తిలో లెక్కపెట్టం.
నిజమే, వెతకలేదు.
డాబా మీద కూచుని
వెర్నియర్ కాలిపర్‌ని కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాడు,
వేళ్ల మధ్య ఏమీ లేకుండానే
దాన్ని మూసి, తెరిచి, మూసి,
సున్నా సరిగ్గా సున్నా మీదే ఉందా అని చూసేవాడు.

ఈదమ్మ కాగితం వెనక
పెన్సిల్‌తో నా చేతిరాత, ఇరవై నాలుగేళ్లప్పటిది:
"టీ ఇప్పించింది. అరవై పైసలు.
ఎంత చెప్పినా తీసుకోలేదు."

అలవాటు ఊరుకోదు.
ధరల సూచీ తీసి గుణించాను:
ఇవాళ్టి లెక్కలో సుమారు ఏడున్నర.

పొద్దున ఆరింటికి కూకట్‌పల్లి అడ్డాకి వెళ్లాను.
ఈదమ్మ కోసం కాదు,
ఆమె ఉందో లేదో అడిగే ముఖం నాకు లేదు.
తాపీలు, బ్రష్షులు, టిఫిన్ డబ్బాలు,
ఆగిన ప్రతి కారు వెంటా ఒక్కసారిగా పరుగు.
నేను దగ్గరికి నడిచి వెళితే
నలుగురు చుట్టూ చేరారు.
"ఎంతమంది గావాలె మేడం?"

ఎవరూ వద్దని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

టీ పదిహేను రూపాయలు.
కొట్టు దగ్గర కుర్చీ లేదు.
ఎనిమిదిన్నర దాకా నిలబడ్డాను.
కాళ్లు గుంజాయి.