నాలుగొందల పద్దెనిమిది

నాంపల్లి క్రిమినల్ కోర్టు గోడవారన
నీలి టార్పాలిన్ కింద నా టైపు మిషన్‌కి పదకొండేళ్లు.
మిషన్ పోయి కంప్యూటర్ వచ్చింది, టార్పాలిన్ మాత్రం అదే.
ఎండకు చిల్లులు పడి
బెయిలు పిటిషన్ల మీద చిల్లర పైసల్లా వెలుగు రాలుస్తుంది.

పేజీకి పదిహేను రూపాయలు.
తప్పు పడితే మళ్లీ నేనే కొడతాను, నా ఖర్చు మీద.
హేబియస్ కార్పస్ అని కళ్లు మూసుకుని కొట్టగలను.
"దాఖలు పరచడమైనది" అనే మాట
నా వేళ్లకు అన్నం కలిపినంత అలవాటు.

మొన్న ప్రహ్లాదరావు సారు
నల్లకోటు భుజాన వేసుకుని, చాయ్ ఊదుకుంటూ అన్నాడు:
"స్వరూపా, మా జూనియర్ రాసిన పేరా నువ్వు దిద్దినవట గదా.
జడ్జిగారు ఆ పేరా ఒక్కటే చదివిండు.
నువ్వే లా చదవరాదూ?"
ఆ మాటను చాయ్‌తో పాటు మింగేసి ఆయన లోపలికి పోయాడు.
నాకు మాత్రం మెహదీపట్నం దాటి లంగర్‌హౌజ్ వచ్చినా
గొంతు దిగలేదు.

ముజీబ్ నెట్ సెంటర్.
లామినేషన్‌లో గాలి బుడగలు పట్టిన మెమో,
రెండు వేల ఏడు, సి.ఇ.సి.
బుడగల్ని బొటనవేలితో నొక్కి నొక్కి చదివాడు.
"అక్కా, బీసీలకు నలభై రెండు శాతం ఉండాలె.
అంటే వెయ్యికి నాలుగొందల ఇరవై.
నీయి నాలుగొందల పద్దెనిమిది."
మళ్లీ కూడాడు. నేనూ కూడాను.
ఎవరు కూడినా పద్దెనిమిది పద్దెనిమిదే.
"పాయింట్ ఎనిమిదిని పైకి జరుపుకోవచ్చేమో చూడు."
తెర మీద ఒక వాక్యం కింద వేలు పెట్టాడు:
సవరణ లేదు.

నవ్వొచ్చింది నాకు.
నాలుగొందల ఇరవై!
ఈ చేతులతో ఎంతమందిని ఫోర్ ట్వంటీలుగా టైపు చేశాను,
చిట్టీలు ఎత్తేసిన శంకరయ్యను,
లేని ప్లాటును మూడుసార్లు అమ్మిన అన్నదమ్ములను.
నేనొక్కదాన్నే
రెండు మార్కుల తేడాతో ఆ అంకెకు అందలేదు.
చట్టం మారి ఆ సెక్షన్ కూడా
మూడొందల పద్దెనిమిదయి కూర్చుంది.
నా మెమో మారదు.

ఆ మార్కులు ఎక్కడ పోయాయో నాకు తెలుసు.
సివిక్స్ పరీక్ష రోజు.
నాయినను లోపలేసి తొమ్మిది రోజులు,
సేటు దుకాణంలో పోయిన ఇత్తడి సామాను కేసు.
జామీనుకు పెట్టే మేనమామ ఇంటి కాగితం
నా పరీక్ష అట్టకు క్లిప్పు వేసి ఉంది.
పన్నెండింటికి కోర్టులో పిలుస్తారన్నారు.
పదకొండున్నరకే లేచాను.
"ఇంకా అరగంట ఉంది కదమ్మా" అంది మేడమ్.
రాయకుండా వదిలేసిన పది మార్కుల ప్రశ్న:
రిట్లు ఎన్ని రకాలు? వివరింపుము.

ఐదు, మేడమ్.
ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఆ రోజు ఉరికి ఉరికి కాగితం అందించాను.
పిలుపు రాలేదు.
జడ్జిగారు సెలవు.
నాయిన ఇంకో ఆరు రోజులు లోపలే.

"ఓపెన్‌ల డిగ్రీ చెయ్యి అక్కా," అన్నాడు ముజీబ్,
"తర్వాత మూడేండ్ల లా."
మూడూ మూడూ ఆరు.
ముప్పై ఆరూ ఆరూ కలిపి చూసుకున్నాను,
నలభై రెండు.
శాతం కాదు, వయసు.
ఎట్లయితేనేం, వస్తుంది.

"ఫారం తెరువు."

పేరు. తండ్రి పేరు. కులం. ఫోన్ నంబర్.
కింద ఒక గడి:
చదువులో విరామానికి కారణం.
ఒక్క లైను జాగా.
"ఏం కొట్టమంటవ్?"
కీబోర్డు నా వైపు లాక్కున్నాను.
జడ్జిగారు సెలవు, అని కొట్టాను.

"అక్కా, గిది నడవదు."
"నడవకుంటే చెరుపుదాం తీ.
ముందయితే పేజీ చివరిదాకా పోనీ."