అరసున్న

అక్టోబరు ముప్పై ఒకటి, రాత్రి తొమ్మిదిన్నర.
ఓట్టేరిలో వాన.
మెట్ల కింది గదిలో మా ట్రస్టు:
పదకొండు జతల ఊతకర్రలు, నాలుగు వాకర్లు,
రెండు చక్రాల కుర్చీలు, అందులో ఒకటి ఒంటిచక్రంది,
ఆడిటరు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్,
నేను.

మేడమీది ఢిల్లీబాబు వైఫై ఇచ్చాడు.
"మా అమ్మ పేరే అక్కా, చివర డబుల్ సెవెన్."

విదేశీ విరాళాలు? సున్నా.
భూములు, భవనాలు? సున్నా.
వాటాలు, బాండ్లు, బంగారం?
సున్నా, సున్నా, సున్నా.
ఖాళీగా వదిలితే ఒప్పుకోదు,
లేదన్న ముక్క కూడా అంకెలోనే చెప్పాలట.

బళ్ళో అరవం చదివినదాన్ని.
తెలుగు మాత్రం మిల్లు షిఫ్టు దిగొచ్చిన నాన్న దగ్గర,
పలక మీద.
నిండుసున్న దిద్దించాక అరసున్న చూపించి
"ఇది రాస్తారు, పలకరు" అన్నాడు.
మరెందుకు నాన్నా అంటే
దగ్గాడు, పత్తి దగ్గు.

దాతల పట్టిక. పేరు, చిరునామా, పాన్ లేదా ఆధార్.
వజ్రవేలు, ఫర్నిచర్ షాపు, ఐదు వేలు. ఉంది.
కన్నియమ్మ టీచరు, పెన్షన్లోంచి నెలకు మూడొందలు. ఉంది.
ఆ కింద నోటుబుక్కులో నా రాతే:
కర్రలో, యాభై.
కర్రలో, ఇరవై.
కర్రలో, వంద.

తిరిగొచ్చిన కర్రల అడుగు రబ్బరు ఊడదీసి కడుగుతాను.
కొన్నిట్లో బీడీలా చుట్టిన నోటుంటుంది.
కాలు అతుక్కున్నవాళ్ళు పెట్టారో,
ఇక ఏ కర్రా అక్కర్లేనివాళ్ళ తాలూకు మనుషులో.
ఏడాదికి మొత్తం పదమూడు వందల ఎనభై.

ఎర్రక్షరాలు: పేరు తప్పనిసరి.
ఆడిటరుకి ఫోన్ చేశాను.
"అజ్ఞాత విరాళాలని వేరే గడి ఉందమ్మా, అందులో పడెయ్."

అజ్ఞాతమేమిటి!
ఎడమకి ఒరిగి నడిచినాయన,
చంకగుడ్డకి పాత చీరముక్క చుట్టుకున్నామె,
కర్రని తుపాకీ చేసి ఆడిన పిల్లాడు.
మొహాలన్నీ తెలుసు.
ఏ నోటు ఎవరిదో, అదే తెలీదు.

పడేశాను.
ఓటీపీ వచ్చేలోగా కరెంటు పోయింది.
మీ సెషన్ ముగిసింది.
మళ్ళీ మొదట్నుంచి సున్నాలు.

పదకొండూ నలభై ఆరుకి రసీదు నంబరు, పదిహేనంకెలు.
నోటుబుక్కులో ఎక్కించి
'కర్రలో' అన్న ప్రతి మాట పక్కనా
పెన్సిలుతో ఒక అరసున్న పెట్టాను.

పైనుంచి కేక:
"అయిందా అక్కా? వైఫై ఆపెయ్యనా?"