కాలి

పర్లాకిమిడిలో నా షెడ్డుకి గొయ్యి ఒకటే, జాకీలు రెండు.
అందులో ఒకటి నిద్రొచ్చినట్టు మెల్లగా దిగిపోతుంది.
టైరు కంపెనీవాడిచ్చిన డైరీలో మాత్రం
రోజుకి పద్నాలుగు గీతలు.

తొమ్మిదికి పాతపట్నం డాక్టరుగారి కారు, ఏసీ.
పదిన్నరకి స్కూలు వ్యాను, మధ్యాహ్నం బెల్లులోపు తెమలాలి.
ఆటోలకి టైము రాయను.
బండాగితే పొయ్యాగే మనిషికి నంబరేమిటి,
గుమ్మంలోనే విప్పి గుమ్మంలోనే బిగిస్తాను.
డాక్టరుగారు వాచీ చూసుకుంటారు.

ఇక్కడ బేరం రెండు భాషల్లో, తిట్లు మూడింట్లో.
ఒడియాలో కాలి అంటే నిన్న.
కాలి అంటే రేపు కూడా.
ఏ వైపు చూడాలో వెనకొచ్చే మాట చెబుతుంది:
ఆసిథిలి అంటే వచ్చాను,
ఆసిబి అంటే వస్తాను.

సోమవారం కంప్రెసర్ అరుస్తోంది.
బేణుధర సబరొ గుమ్మంలో నిలబడి
కాలి, అన్నాడు.
వెనకమాట గాలిలో పోయింది.
తలూపి, చెవిమీది పెన్సిలు తీసి
మంగళవారం పేజీలో రాసుకున్నాను:
సబరొ, పికప్పు, బ్రేకులు, రెండు గంటలు.
ఆయనా తలూపి వెళ్లిపోయాడు.

మర్నాడు రెండింటికి గొయ్యి ఖాళీ చేయించి కూచున్నాను.
రాలేదు.
మాటంటే లెక్కలేని మనుషులని
తవిటయ్య ముందు నోరు పారేసుకున్నాను.

దీపాలు పెట్టే వేళకి తవిటయ్యే అరిచాడు,
"గురూ, బండొస్తంది గానీ ఆగీలా లేదు!
రాయెట్టండి, రాయి!"

ఉదయగిరి ఘాటు మొత్తం
ఫస్టు గేరులో దిగొచ్చాడట,
వెనక లారీలన్నీ హారన్లు కొడుతుంటే.
బండినిండా అనాసపళ్లు.
అవి నా డైరీ కోసం ఆగుతాయా?

డ్రమ్ము మీద నీళ్లు చల్లితే చుర్రుమంది.
లైనర్లు కాలి ఉన్నాయి.
ఈ కాలి మాత్రం తెలుగే.

అప్పుడు చెప్పాడు, నింపాదిగా, వెనకమాటతో సహా.
ఆదివారమే వచ్చాడట.
తాళం ముందు గంటసేపు కూచున్నాడట.
సోమవారం నేను తలూపితే
ఇవాళా కుదరదన్నానని అనుకున్నాడట.
దెబ్బలాడలేదు. ఎంతవుతుందని అడిగాడు.
నేను గోతిలో ఉన్నాను కాబట్టి
నా మొహం ఆయనకి కనపడలేదు.

పదింటిదాకా తవిటయ్య టార్చి పట్టాడు.
డాక్టరుగారి ఏసీ బుధవారానికి జరిగింది.

ఇప్పుడు ఎవరు గుమ్మంలోకొచ్చినా
ముందు కంప్రెసర్ కట్టేస్తాను.
పని పావుగంట వెనకబడుతుంది.
డైరీలో దానికి గీత లేదు.