చుక్కకు అవతల

నలభైల్లో రావాల్సిన చత్వారం
నాకు యాభై దాటాక వచ్చింది.
ఆలస్యంగా వచ్చిన చుట్టం
వచ్చీరాగానే ఇల్లంతా ఆక్రమించినట్టు
మొదట జీతం చీటీ మీద అంకెలు పోయాయి,
తరవాత తూటా అడుగున చెక్కిన సంఖ్య.
ఆ తరవాత బింగా అడవిలో ఒక వాన సాయంత్రం
తుపాకీ మీది గురి పోయింది.

వెనక గాడి, ముందు పూస, ఆవల దున్న.
మూడింటినీ ఒక్క తాటి మీదికి తేవాలి.
కుర్ర కన్ను మూడు గడపలూ ఒక్క ఊపిరిలో తొక్కి వస్తుంది.
ముసలి కన్ను మొదటి గడప దగ్గరే కూలబడుతుంది.

ఎవరితోనూ అనలేదు.
జొన్నచేలల్లో ఏనుగులు పడితే
ఇంకా నన్నే పిలిచేవారు, "మున్‌సాకా, రా" అని.
అలవాటు మీద కాల్చేవాణ్ణి,
చీకట్లో సొంతింటి మెట్లు దిగినట్టు.
ఒకసారి మెట్టు తప్పింది.
ఆ సంగతి నాకూ, జాడలు తీసే సియాంక్వేడేకీ,
ఒక మొపానే మొద్దుకీ తెలుసు.

ఆయుధాల గది చూసే పిల్ల లుయాండో
నన్నడక్కుండా నా తుపాకీ తీసుకుపోయి
గాడి ఊడదీసి
అగ్గిపెట్టెంత గాజు కిటికీ బిగించింది.
"ఇందులో ఎర్ర చుక్క ఉంటుంది తాతా.
దాన్ని చూడకు. దున్నని చూడు.
రెండు కళ్ళూ తెరిచే ఉంచు."

నవ్వాను. నాలుగొందల యాభై ఎనిమిది తన్నుకి
నా భుజమెముకే పక్కకి జరిగింది,
ఈ గాజుముక్క ఏపాటి?
పది తూటాలు కాల్చాను. గాజు కదల్లేదు.
ఒక మర వదులైతే లుయాండో బిగించి
దాని నెత్తిన గోళ్ళరంగు అద్దింది.

చుక్క అంది గానీ నాకది చుక్క కాదు.
చెప్పు కింద నలిగిన మందారం.
రెక్కలొచ్చి, తోకొచ్చి, ఎడమకి కారిపోతోంది.
"ఇది పాడైంది" అన్నాను.
తను చూసి, "గుండ్రంగానే ఉంది తాతా" అంది
మెల్లగా, డాక్టర్లు చెప్పేట్టు.
నలిగింది నా కన్నే.
అప్పుడు వెలుగు తగ్గించుకుంటూ వచ్చింది
మందారం మొగ్గయ్యి,
మొగ్గ దానిమ్మ గింజయ్యేదాకా.

ఆగస్టులో కబురొచ్చింది.
సెంగ్వా ఒడ్డున ముసలి మగదున్న,
ముందుకాలికి ఉచ్చు తీగ,
నీళ్ళకెళ్ళిన ఇద్దర్ని తరిమింది.
ఎండుటాకుల మీద సియాంక్వేడే మునివేళ్ళతో,
నేను మోకాళ్ళ నొప్పితో.
ముప్పై అడుగుల్లో లేచింది.

చూడమన్నచోటికే చూశాను.

ముప్పైరెండేళ్ళుగా నేను చూసింది పూసని.
పూస తేటగా ఉండాలి,
జంతువు మసకైనా ఫరవాలేదు, అలాగే నేర్పారు.
నేను చంపినవన్నీ మసకలు.
బూడిదరంగు గుట్టలు, కదిలే పొదలు.
ఒక్కదాని ముఖమూ గుర్తు లేకపోతే
మరుపనుకున్నాను.

దీని ఎడమ చెవి ఎప్పుడో చిరిగి మానింది.
రెప్పల మీద బురద ఎండి పగిలింది.
పిడుదులేరే పిట్ట కొమ్ము మొదట్లో కూర్చుని
ఎటో చూస్తోంది.
తీగ ఎముక దాకా దిగినచోట ఈగలు.
కంటి మీద నీలం పొర.
దానికీ వయసొచ్చింది.
అదీ నన్ను ఒక మసకగానే చూస్తోందేమో,
రెండు కాళ్ళ మీద నిలబడ్డ పొదలా.

"మున్‌సాకా" అన్నాడు సియాంక్వేడే,
వినీ వినపడకుండా.
చుక్క ఎప్పుడొచ్చి దాని రొమ్ము మీద వాలిందో తెలీదు.
నేనక్కడ పెట్టలేదు.

పిట్ట ముందు ఎగిరింది.

సాయంత్రం లుయాండో ఫారం నింపింది.
తేదీ. చోటు. తూటాలు: ఒకటి.
"ఇంకేమైనా రాయాలా?"
చెవి సంగతి చెప్పాను.
దానికి గడి లేదంది.
కాసేపాగి అంచున, సన్నటి అక్షరాలతో రాసింది.
నేను చదవలేనంత సన్నగా.
తరవాత మీట నొక్కి చుక్క ఆర్పేసింది,
బ్యాటరీ అయిపోతుందని.