అంచు కుట్టు

నడిమధ్య కుట్లన్నీ అయ్యాకే అంచు పట్టాలట.
రెండు మూరల దారం, మించితే చిక్కే.
ముడిని పొరల్లోకి లాగేసి
పైకి ఏమీ ఎరగనట్టుండాలి.

"బొంతని తిప్పకే, నువ్వే తిరుగు!"
దబ్బనం చూపించి కసిరింది నూకరత్నం పిన్ని.
అరుగు మీద మోకాళ్లతో జరుగుతున్నాను,
బండారులంక చీర అంచూ
చిన్నాన్న లుంగీ గళ్లూ దాటుకుంటూ.

మూలకొచ్చి దారం తెంపబోతే
చెయ్యి పట్టుకుంది.
మూలకి మూడు కుట్లు, ఒకదాని మీదొకటి.
ఎందుకంటే చెప్పలేదు.

పొద్దు వాలాక
పాత బొంత తెచ్చి నాలుగు చెంగులూ నా చేతికిచ్చింది,
గట్టిగా లాగి చూడమంది.
"ఎనభై ఆరులో గోదారొచ్చినప్పుడు
బియ్యం, కంచాలు, మేకపిల్ల,
అన్నీ ఇందులోనే మూటగట్టి పడవెక్కాం."

ఒక మూల ఇంకా
ఒండ్రు రంగులోనే ఉంది.