లాకుగదికి ఒకే ఫైలు

ఈస్టర్‌సీల్ లాకుగదిలో కంప్యూటరు పాతది.
నెట్టు లేదు, కొత్తగా ఏదీ ఎక్కించే వీల్లేదు.
"ఒక్క ఫైలు తీసుకురా, నొక్కితే నడవాలి"
అన్నారు నీటి బోర్డువాళ్లు.
అంటే చద్దిమూట, చెంబు, చాప
అన్నీ తనే మోసుకొచ్చే బాటసారిలా
రావాలన్నమాట నా ప్రోగ్రాము.

సగం సి భాషలో రాశాను.
నీటిమట్టం చదవడం, మోటారు తిప్పడం,
తలుపుని పన్ను పన్నుగా కదపడం.
వెనక్కి చూడని మనిషి అది.
చెప్పింది చేస్తుంది,
తప్పు చెప్పినా చేస్తుంది.

మిగతా సగం హాయె నోట్లోంచి వచ్చింది.
ముప్పై ఒక్క ఏళ్లు ఈ లాకు కాసినవాడు.
బఠాణీ సూపు ఊదుకుంటూ ఆయన చెబుతుంటే
ప్రోలాగ్‌లోకి దించుకున్నాను.
ఎగువ తలుపు మూసి ఉంటే దిగువది తెరవచ్చు. చుక్క.
ఎదురెదురుగా వస్తే బరువు పడవకి దారి. చుక్క.
ఈ భాష దారి మూసుకుపోతే అలగదు.
వేసిన అడుగుల్లోనే వెనక్కెళ్లి
ఇంకో సందు ఉందేమో చూస్తుంది,
తాళంచెవి వెతుక్కునే ముసలాయనలా
కోటు జేబు, లోపలి జేబు, చినిగిన అస్తరు.

ఈ ఇద్దర్నీ ఒకే మూటలో కట్టాలి.
లింకర్ మొదటిరోజు పదిహేడు పేర్లు తెలియవంది.
మర్నాడు మూడు.
ఆ మర్నాడు ఏమీ అనలేదు, అప్పుడు భయమేసింది.
నియమాలన్నీ మడిచి
ఫైలు తోకకి అతికించాను.
పదకొండు మెగాబైట్లు.

నా బల్ల మీద పరుగెత్తింది.
లాకుగదిలో ఒక్క వాక్యం పలికి పడిపోయింది:
ఫలానా లైబ్రరీ దొరకలేదు.
ఇన్నాళ్లూ నా ఇంటి గాలి పీల్చి బతికిందన్నమాట.
సైకిలు మీద తొమ్మిది కిలోమీటర్లు, ఎదురుగాలి.
మళ్లీ కట్టాను, గాలితో సహా.

ఈసారి నడిచింది. హాయె కుర్చీ లాక్కున్నాడు.
"పొగమంచు అనుకో. కాలవలో పడవ ఉందా? అడుగు."
అడిగాను.
లేదు, అంది తెర.
"చూసిందా?"
చూడలేదు. రుజువు దొరకనిదాన్ని లేదనడం
దీని పుట్టుబుద్ధి, అన్నాను.
ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.
"యెల్ట్‌షె, తొంభైమూడు నవంబరులో
నేనూ లేదనే అన్నాను."
అంతకుమించి చెప్పలేదు.
కిటికీ అవతల, తలుపు చెక్క మీద
మనిషెత్తున పాత నొక్కు ఒకటుంది.
దాని మీద రెండుసార్లు రంగేశారు.

ఆ రాత్రి ఇంకో నియమం చేర్చాను.
మంచు ఉంటే, కనిపించనిదాన్ని లేదనకు.
మంచు ఉంటే, కూత వెయ్యి, ఆగు, మళ్లీ అడుగు.
ఆ ఆగడం సి కి నేర్పేసరికి
తెల్లారింది.

పొద్దున స్టిక్కు చేతిలో పెడితే
అటూ ఇటూ తిప్పి చూశాడు.
"ఇందులో నా మాటలెక్కడ?"
ఫైలు కడుపు తెరిచి చూపించాను.
తెరనిండా పురుగులు పాకినట్టు గుర్తులు.
షరతులు అంకెలైపోయాయి,
నేను ముద్దుగా పెట్టుకున్న చరరాశుల పేర్లు
ఆనవాలు లేవు.
కిందికి జరిపాను, ఇంకా కిందికి.
ఆ గులకరాళ్ల మధ్య, చెక్కుచెదరకుండా,
మా ఫ్రిజియన్ మాట, నాలుగే అక్షరాలు:
డీజె.
పొగమంచు.

"ఉంది," అన్నాడు,
తెర మీద వేలు పెట్టి, చిన్నపిల్లాడిలా.
సూపు చల్లారిపోయింది.
బయటెక్కడో ఒక కూత.
ఇద్దరం కిటికీ వైపు తిరిగాం.
ఏమీ కనిపించలేదు.